నారింజ తొక్కల పళ్లెం

ఈజియన్ సముద్రంలోని మా దీవికి ఓడ వచ్చే రోజున ఎవాంథియా తలకు నల్ల గుడ్డ బిగించి రేవులో నిలబడుతుంది. దిగిన యాత్రికుల్లో ఒకరిని చెయ్యి పట్టుకుని తన ఇంటి గదికి తీసుకుపోతుంది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడి దారి చెబుతుంది. పాత కోటకైనా, సముద్రపు గుహలకైనా ఆమె చూపేది మేకలు నడిచే రాళ్ల గట్టే. చదును దారి మాట ఎత్తదు. ఆ దారిలో ఫొతీని ఇల్లుంది. ఫొతీని తన గుమ్మం ముందు నడిచే ఎవరినీ ఊరికే పోనివ్వదు. కూర్చోబెట్టి, చక్కెర పాకంలో ఊరిన నారింజ తొక్కలు చిన్న పళ్లెంలో పెట్టి చల్లటి నీళ్లిస్తుంది. తన ఇంట్లో దిగిన మనిషి అవి ముట్టకూడదని ఎవాంథియా పట్టుదల.

నిన్న ఆమె గదిలో ఉంటున్న హెడ్విగ్ గట్టు మీద దారి తప్పి, ఎండకు కందిపోయి, సాయంత్రానికి తిరిగి వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం ఉంది.

"ఫొతీనమ్మ కేకేసి కూర్చోబెట్టింది. ఇది మీకిమ్మంది. ఎంత మంచి మనిషో!"

"నువ్వు తిన్నావా?"

"మళ్లీ అడిగి పెట్టించుకున్నాను."

"మళ్లీనా! నేను పెడితే ఒక్కటి చాలన్నావు కదే!"

హెడ్విగ్ నవ్వింది. ఎవాంథియా పొయ్యి వైపు తిరిగి, ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. చేదు ఎక్కడా తగల్లేదు.

మా దగ్గర పొరుగింటి పళ్లెం ఖాళీగా తిరిగి వెళ్లదు. ఆమె దాన్ని కడిగి, తుడిచి, తన జాడీలోంచి మంచి తొక్కలు ఏరి పేర్చింది.

"పొద్దున్నే ఇచ్చి రా పిల్లా. ఆమె తినేదాకా కదలకు. నోటితో బాగుందనే అంటుంది, అది నమ్మకు. రెండో ముక్కకు చెయ్యి చాపుతుందేమో చూసి వచ్చి చెప్పు."