బెంచికి ముగ్గురే

ఆ రోజుల్లో డిగ్రీ పట్టా చేతికొస్తే చాలు, లోకానికి ఇంగ్లీషు నేర్పే భారమంతా మన నెత్తినే పడిందనుకునేవాళ్లం. యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడినప్పుడు తెనాలి నుంచి వచ్చి, నాంపల్లిలో మా బాబాయి ఇంట్లో దిగిన నాకూ ఆ భ్రమ దండిగానే ఉండేది. ఊరు నచ్చింది గానీ, ఒక్క మాట మాత్రం ఒళ్లు మండించేది. బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు, ఇరానీ హోటల్లో నా బల్ల దగ్గరికే ముక్కూ మొహం తెలియనివాళ్లు, అందరిదీ ఒకటే మంత్రం: "జర అడ్జస్ట్ చేస్కోండ్రి." ఇంగ్లీషు క్రియాపదానికి ఇంత అన్యాయమా అని కుమిలిపోయేవాణ్ణి (బాబాయి ఇంటిల్లిపాదీ నాకోసం ఒకే గదిలో సర్దుకుంటున్న సంగతి అప్పట్లో తట్టలేదు లెండి).

ఆబిడ్స్‌లో ఓ గడియారాల షాపు మీద మేడగదిలో సాయంకాలం ట్యుటోరియల్ నడిచేది. పగలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మెట్రిక్ కట్టడానికి అక్కడ చదువుకునేవాళ్లు. ఒక్క పాఠం చెప్పి చూపిస్తే, నచ్చితే ఉద్యోగమిస్తానన్నారు యజమాని. నచ్చకపోతే తెనాలి వెళ్లి మామయ్య బియ్యం కొట్లో కాటా పట్టాలి. అందుకే నిఘంటువులన్నీ తిరగేసి, ఊరి జబ్బుకు మందుగా ఆ 'అడ్జస్ట్'నే పాఠంగా ఎంచుకున్నాను.

మొదలుపెట్టానో లేదో, ఆఫీసులు వదిలినవాళ్లు ఒక్కొక్కరే రావడం, బెంచీల మీదివాళ్లు మారుమాట లేకుండా జరగడం. నాకు కోపం నషాళానికంటింది. బెంచికి ముగ్గురే, ఆలస్యమైనవాళ్లు మెట్ల మీదే నిలబడి వినాలి అని శాసించాను. పాపం, నిలబడ్డారు. 'అడ్జస్ట్'కు సరిచేయడం అనే అర్థం తర్వాత వచ్చిందనీ, దాని మూలం లాటిన్‌లో 'జుక్స్‌టా' అనీ, అంటే పక్కన, దగ్గర అనీ, కాబట్టి అడ్జస్ట్ అంటే మొదట్లో దగ్గరికి చేర్చుకోవడమేననీ బల్ల గుద్ది చెప్పాను.

ముందు బెంచీలోంచి లక్డీకాపూల్ ఆఫీసులో పనిచేసే ఓ పెద్దాయన మర్యాదగా లేచాడు. "గట్లయితే సార్, మెట్ల మీదున్నోళ్లను ఏం జేద్దాం?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. లాటిన్ అక్కడితో కట్టిపెట్టాను. తల దించుకుని అందర్నీ లోపలికి పిలిచాను. గది కిక్కిరిసి, చివరికి నా కుర్చీ కూడా పోయింది. పెద్దాయన కాస్త జరిగి, బెంచి చివర జానెడు చోటు చూపించాడు. పడిపోకుండా ఒక కాలు నేలకు తన్నిపెట్టి, మిగిలిన పాఠం అక్కణ్ణుంచే లాగించాను. సరిగ్గా అప్పుడే యజమాని తొంగిచూసి, పంతులెక్కడా అని గదంతా వెతికారు. మామయ్య బియ్యం బస్తాలు నా కళ్ల ముందు వరసకట్టాయి.

పాఠం అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "ఇంగ్లీషు సంగతి నాకెర్కలేదు గని, మీరైతే అడ్జస్టయితరు. రేపటి సంది రాన్రి" అన్నారు.

ఆ మేడగదిలో చాలా ఏళ్లే గడిచిపోయాయి. ఇప్పుడు నాంపల్లిలో బస్సెక్కితే ఎవరో ఒకరు జరిగి నాకు చోటిస్తారు. నేనూ ఇంకొకరికి ఇస్తాను. ఇస్త్రీ చొక్కాతో, చంకలో నిఘంటువుతో, ఎవరికీ తగలకుండా నిటారుగా నిలబడ్డ ఆ తెనాలి కుర్రాడు ఎప్పుడైనా ఆ బస్సే ఎక్కితే బాగుండుననిపిస్తుంది. రావోయ్, కాస్త జరుగుతాను, కూర్చో అందును.