గుర్రంగారికి దారి

ఆ డ్రైవరుకి ఉన్నది ఒకటే పిచ్చి. దారిలో గుర్రం కనపడితే చాలు, బస్సు ఆపి, ఇంజిను కట్టేసి, కిటికీలోంచి తల బయటపెట్టి దానితో మాట్లాడతాడు. మాట్లాడటమంటే అదిలించడమో, ముద్దు చెయ్యడమో అనుకునేరు. అదేం కాదు. ఎదురుగా పెళ్లికొడుకు తండ్రి నిలబడి ఉన్నంత మర్యాదగా మాట్లాడతాడు.

"గుర్రంగారూ, కంగారు పడకండి. నేను ఆగాను. మీరు నిదానంగా రండి. మాకేం తొందర లేదు."

తొందర లేనిది ఆయనొక్కడికే. వెనక బస్సునిండా ఉన్న జనానికి బోలెడంత తొందర. పెళ్లాం పురిటికొచ్చినవాడు, కోర్టులో వాయిదా ఉన్నవాడు, బుట్టలో కోళ్లు పెట్టుకుని సంతకి బయల్దేరిన ముసలమ్మ, అందరూ నోళ్లు మూసుకుని కూర్చోవాల్సిందే. మూసుకోకపోతే ఆయన వెనక్కి తిరిగి చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంటాడు. కిటికీలోంచి తువ్వాలు ఎగరకూడదు. గొడుగు తెరవకూడదు. ఒకసారి ఓ పెద్దమనిషికి తుమ్ము రాబోతే, "కాస్త ఆపుకోండి సార్, వారు వెళ్లిపోతున్నారు" అన్నాడు. ఆ పెద్దమనిషి మొహం వంకాయరంగుకి తిరిగింది గానీ తుమ్ము మాత్రం బయటికి రాలేదు.

దీనికంతటికీ జనం చేత తిట్లు తినేది మాత్రం కండక్టరు. ఆ కండక్టరు వేరెవరో కాదు, డ్రైవరు భార్యకి స్వయానా తమ్ముడు. బావ ముందు కూర్చుని గుర్రాలకి మర్యాదలు చేస్తుంటే, బావమరిది వెనక నిలబడి మనుషులకి సంజాయిషీలు చెప్పుకునేవాడు. డిపోలో బావని అందరూ 'గుర్రంగారు' అనేవాళ్లు. బావమరిదిని 'గుర్రంగారి తాలూకు' అనేవాళ్లు. ఆ రెండోమాట వినపడినప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

ఆ దారి కూడా అలాంటిదే. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క కాలువ, మధ్యలో బస్సు పట్టగా మిగిలేది ఒక్క గుర్రం పట్టేంత చోటు. గోడమీది కంచెల్లోంచి వంగిన కొమ్మలు కిటికీలని రాసుకుంటూ పోతాయి. మలుపు దగ్గర ఒక్కచోట మాత్రం కాస్త వెడల్పు ఉంటుంది, కదిలే బస్సుకి దారివ్వాలంటే అక్కడే తప్పుకోవాలి. ఆ మలుపు దాటాక గుర్రపుస్వారీ నేర్పే బడి ఒకటుంది. దాన్ని నడిపే ఆవిడ రోజూ తెల్లగుర్రం మీద ముందు నడుస్తూ, నేర్చుకునేవాళ్లని వెనకేసుకుని ఈ రోడ్డు మీదికే వస్తుంది. వేరే దారి లేదు మరి.

గుర్రాలు ఎదురుపడితే బస్సు ఆగేది. అవి బస్సుకి ముందు అదే దిక్కుగా నడుస్తుంటే ఇంకా ఘోరం. దూరంగా, చాలా దూరంగా, వాటి నడకతో సమానంగా బస్సుని పాకించేవాడు. మలుపు వచ్చి అవి పక్కకి తప్పుకునేదాకా హారను ముట్టుకునేవాడు కాదు. అలాంటి ఒక ప్రయాణంలో ఎదురుబొదురు సీట్లవాళ్లు మాటల్లో పడి, వాళ్ల పిల్లని వీళ్ల పిల్లాడికి ఖాయం చేసుకుని మరీ దిగారు. ఆ పెళ్లికి డ్రైవరుని పిలిచి కొత్తబట్టలు పెట్టారు. కండక్టరుని పిలవడం మర్చిపోయారు.

"అసలెందుకు బావా ఇదంతా?" అని అడిగితే సూటిగా చెప్పేవాడు కాదు.

"గుర్రం మనకంటే పెద్దది కదరా. పెద్దవాళ్లకి దారివ్వొద్దూ?"

"మరి బస్సు గుర్రం కంటే పెద్దది కదా?"

"అందుకే దానికి బాధ్యత ఎక్కువ."

ఆ ధోరణిలో మాట్లాడేవాడితో ఎవడు వాదిస్తాడు?

అన్ని రోజులూ ఒక ఎత్తు, బుధవారం ఒక ఎత్తు. బుధవారాలు గోధుమరంగు ముసలి గుర్రమెక్కి ఒకావిడ వచ్చేది. తలకి హెల్మెట్, ఒంటికి ముదురుపచ్చ కోటు. బస్సు కనపడగానే ఆవిడ కొయ్యబారిపోయేది. ఆవిడ బిగుసుకుంటే గుర్రమూ నిలబడిపోయేది. ఇక మా గుర్రంగారి వాక్ప్రవాహం మొదలు. "గుర్రంగారూ, పోయినవారం కంటే ఈవారం ఎంత బాగా నడుస్తున్నారండీ! ఊపిరి తీసుకోండి. అలాగే. ఇంకో అడుగు. శభాష్!" ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని బస్సు పక్కనుంచి వెళ్లేసరికి కండక్టరు ఒంట్లో రక్తమంతా ఉడికిపోయేది.

ఆ ఉడుకంతా సాయంత్రం ఇంట్లో భోజనం దగ్గర చల్లార్చుకునేవాడు. "ఇవాళా వచ్చింది ఆ హెల్మెట్ మహాతల్లి! గుర్రమెక్కడం చేతకానివాళ్లు ఇంట్లో పీట మీద కూర్చోవచ్చుగా?" అంటూ ఆవిడ బిగుసుకోవడం అభినయించి చూపించేవాడు. భార్య పకపకా నవ్వేది. వాళ్లతోనే ఉంటున్న అత్తగారు మాత్రం నవ్వేది కాదు, మారుమాట్లాడకుండా వడ్డించి వెళ్లిపోయేది. పాపం, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. బుధవారం బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్లి అలిసిపోయి వస్తుంది కదా అని అతను సరిపెట్టుకునేవాడు. బుధవారాలు కూరలో ఉప్పెందుకు ఎక్కువవుతోందో మాత్రం అంతుపట్టేది కాదు.

ఇలా సాగుతుండగా డిపో మేనేజరు ఒకరోజు బావాబావమరుదులిద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"ఏమయ్యా, నువ్వు నడిపేది బస్సా, ఊరేగింపా? ఒక్కరోజు టైముకి వచ్చిన పాపాన పోయావా? ఈ బుధవారం ఇన్‌స్పెక్టరు నీ బస్సెక్కుతాడు. ఆరోజు కూడా ఆలస్యమైందో, నిన్ను ఈ దారి నుంచి తీసేసి షెడ్డులో బస్సులు కడగడానికి వేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

డ్రైవరు మొహంలో నెత్తురుచుక్క లేదు. అతనికి వేరే వ్యసనం లేదు, వేరే గొప్పా లేదు. ఆ దారే అతని గొప్ప. ఏ మలుపులో ఏ కొమ్మ ఎంత వంగిందో కళ్లు మూసుకుని చెబుతాడు. ఆ స్టీరింగు లాక్కుని చేతికి చీపురిస్తే మనిషి బతికున్నా లేనట్టేనని కండక్టరుకి తెలుసు. బయటికి రాగానే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క బుధవారం గుర్రాన్ని చూసీ చూడనట్టు పోనీ. అక్క మొహం చూసైనా!"

"చూద్దాంలేరా."

"చూడొద్దంటుంటే చూద్దామంటావేంటి బావా?"

బుధవారం రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందుసీట్లో కూర్చుని గడియారం వంక చూడటం మొదలుపెట్టాడు. సగం దారి దాకా బస్సు బ్రహ్మాండంగా వెళ్లింది. కండక్టరు మనసులో మొక్కని దేవుడు లేడు. మలుపు ఇంకాస్త దూరం ఉందనగా తెల్లగుర్రం కనపడింది. స్వారీ నేర్పే ఆవిడ చెయ్యెత్తి పలకరించి బస్సు పక్కనుంచి సాఫీగా వెళ్లిపోయింది. ఆవిడ వెనకాల, గోడకీ కాలువకీ మధ్య ఇరుకులో, గోధుమరంగు గుర్రం.

కండక్టరు కళ్లు మూసుకున్నాడు. బస్సు ఆగిన సంగతీ, ఇంజిను కట్టేసిన సంగతీ చూడక్కర్లేకుండానే తెలిసింది.

"గుర్రంగారూ, కంగారు పడకండి..."

"ఏమిటిది?" ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు. "ఎవరితోనయ్యా నువ్వు మాట్లాడేది? హారను కొట్టు! కొట్టవూ? అయితే నేనే చెబుతాను!" అని దభాలున కిందికి దూకి, చేతులు ఊపుతూ, "ఏమమ్మా, పక్కకి తియ్యి! తియ్యమంటుంటే!" అని అరుస్తూ పరుగు తీశాడు.

గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. వెనకకాలు కాలువగట్టు అంచు మీద పడి మట్టి జారింది. కండక్టరు బస్సులోంచి కిందికి దూకాడు. ఒక్క ఉరుకున వెళ్లి ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టుకుని గోడవారకి లాగేశాడు. పై అధికారి చొక్కా పట్టుకున్నానన్న స్పృహ అతనికి ఆ తర్వాతెప్పుడో గానీ కలగలేదు.

"గుర్రంగారూ," బస్సులోంచి అదే గొంతు, అంతే మెల్లగా, "వారు ఈ దారికి కొత్తండీ. వారి మాట పట్టించుకోకండి. ఊపిరి తీసుకోండి."

సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి గుర్రం వెనకవైపు నుంచి ఇసుకలారీ వచ్చింది. ఆ లారీ హారను మోగితే గోడ మీద పిట్టలు పక్కఊళ్లో వాలతాయని ప్రతీతి. అయిపోయింది, అనుకున్నాడు కండక్టరు.

లారీ దూరంగానే ఆగింది. ఇంజిను ఆగింది. కిటికీలోంచి గుబురుమీసాల మొహం ఒకటి బయటికొచ్చింది.

"గుర్రంగారూ, కంగారు పడకండి. నేనూ ఆగాను. మీరు నిదానంగా వెళ్లండి."

దాని వెనక పాలవ్యాను వచ్చి ఆగింది. అదీ ఇంజిను కట్టేసింది. రోడ్డంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే కాలువలో నీళ్ల చప్పుడు వినపడింది.

హెల్మెట్ ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. బిగుసుకున్న భుజాలు సడలాయి. కళ్లెం కాస్త వదులుచేసి కాళ్లతో మెల్లగా అదిమింది. గుర్రం గట్టు దిగి, ఏమీ జరగనట్టు టకటకా నడుచుకుంటూ వచ్చి బస్సు పక్కన ఆగింది.

"వచ్చేశాను బాబూ," అంది ఆవిడ డ్రైవరుతో.

ఆ గొంతు కండక్టరుకి బాగా తెలుసు. రోజూ రాత్రి 'ఇంకాస్త వడ్డించమంటారా' అని అడిగే గొంతు.

"అత్తయ్యగారూ! మీరా! మరి మోకాళ్ల డాక్టరు?"

"గుర్రాన్ని నడిపేది మోకాళ్లతోనే కదా అల్లుడుగారూ," అందావిడ. "కాస్త మెల్లగా మాట్లాడండి. ఇది బెదురుతుంది."

బస్సులో జనం ఘొల్లుమనబోయి, డ్రైవరు వేలు చూసి నవ్వు మింగేశారు. ఇన్‌స్పెక్టరు చొక్కా సర్దుకున్నాడు.

"చూడమ్మా, నిజం చెప్పు. ఈయన గుర్రాలతో రోజూ ఇలాగే మాట్లాడతాడా?"

"గుర్రాలతోనా?" ఆవిడ ఫక్కున నవ్వింది. "దీన్ని చూడండి సార్. మీరు చేతులు ఊపేదాకా ఇది కులాసాగా కంచెలో ఆకులు పీక్కు తింటోంది. దీనికి బస్సంటే భయమేంటి, రోజూ చూసేదేగా? భయమంతా నాది. నేను బిగుసుకుంటే ఇదీ బిగుసుకుంటుంది. మొదటివారం బస్సుని చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతమంది ముందు 'భయపడకండమ్మా' అని ఉంటే సిగ్గుతో చచ్చి, దిగిపోయి, మళ్లీ గుర్రం మొహం చూసేదాన్ని కాదు. ఈయన నా వంక చూడను కూడా చూడలేదు. ధైర్యమంతా గుర్రానికి చెప్పాడు. ఆ మాటలు ఎవరికో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు."

కండక్టరుకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా ఆ బస్సులోంచే అన్నీ చూశాడు. స్వారీ నేర్చుకోవడానికొచ్చిన బ్యాంకు గుమాస్తా, కిందపడి చెయ్యి విరిగి మళ్లీ ఎక్కిన దర్జీ, ఎందరో. బావ మాట వినగానే వాళ్ల భుజాలు సడలడమూ చూశాడు. ఒక్కనాడూ అర్థం చేసుకోలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఛాతీ నిండా గర్వం పొంగుకొచ్చింది. ఈ మనిషి మా బావ, అని రోడ్డంతా వినపడేలా అరవాలనిపించింది. గుర్రం ఉందని ఊరుకున్నాడు.

"ఏమయ్యా, నిజమేనా?" ఇన్‌స్పెక్టరు డ్రైవరుని అడిగాడు.

డ్రైవరు చెవి గోక్కున్నాడు. "గుర్రానికీ వినపడుతుంది కదండీ," అన్నాడు.

"మరి ఆ లారీవాళ్లకి ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. నా వెనక ఆగీ ఆగీ అలవాటు పడ్డారు."

బస్సు డిపోకి ఆలస్యంగానే చేరింది, ఎప్పటికంటే ఎక్కువ ఆలస్యంగా. మేనేజరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కండక్టరు బావకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. పోగొట్టుకోబోయేదేమిటో ఇప్పుడే తెలిసింది మరి.

"ఏం ఇన్‌స్పెక్టరుగారూ, ఆలస్యమేనా?"

"ఆలస్యమే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తప్పు మాత్రం బస్సుది కాదు సార్, మనం వేసిన టైముది. ఆ దారిలో అంతకంటే తొందరగా వచ్చినవాడు ఏదో ఒకరోజు ఎవరినో ఒకరిని కాలువలో పడేసి వస్తాడు. ఇవాళ ఆ పని నేనే చెయ్యబోయాను. టైము పెంచండి. కొత్త డ్రైవర్లెవరొచ్చినా ముందు ఈయన పక్కన కూర్చోబెట్టండి."

మేనేజరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, "కూర్చోబెడితే వాళ్లు కూడా గుర్రాలతో మాట్లాడతారేమోనయ్యా," అన్నాడు దిగులుగా.

"మాట్లాడాలనే సార్ నా ఉద్దేశం."

దారిలో ఇంటికి నడుస్తూ కండక్టరు బావని నిలదీశాడు. "ఆవిడ మా అత్తగారని నీకు మొదటివారమే తెలుసు కదా? నాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడ చెప్పమనలేదుగా."

"దారి పొడుగునా నీ దగ్గర నేను వాగిన వాగుడంతా విని కూడా?"

"నువ్వు వాగింది హెల్మెట్ మహాతల్లినిరా, మీ అత్తగారిని కాదు కదా," అని బావ భుజం తట్టాడు.

ఆ రాత్రి అతను అత్తగారి ముందు చేతులు కట్టుకుని, "తప్పైపోయింది అత్తయ్యగారూ," అన్నాడు. ఆవిడ నవ్వి, కూర వడ్డించింది. అందులో ఉప్పు సరిగ్గా ఉంది.

మరుసటి బుధవారం మలుపుకి ముందు బస్సు ఆగింది, ఇంజిను ఆగింది. ఆ దారికి కొత్తవాడొకడు, కోటూబూటూ వేసుకున్న ఆసామి, సీట్లోంచి లేచి ఎగిరిపడ్డాడు. "ఏమయ్యా కండక్టరూ! నడిరోడ్డు మీద ఈ ఆపుడేంటి? ఎవరొస్తున్నారు ఎదురుగా, మంత్రిగారా?"

కండక్టరు టికెట్ల సంచీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. బస్సులో చివరి సీటుదాకా వినపడేలా, కిటికీ దాటి మాత్రం పోకుండా చెప్పాడు.

"మంత్రిగారైతే ఆయన్నే ఆగమనేవాళ్లం సార్. వస్తున్నది మా అత్తగారు."