కాపలావాడి ఇంటికి కబురు

విశాఖ కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఉంటుంది సూర్యకాంతమ్మ. పోర్టు ఉద్యోగిని పెళ్లాడి గోదావరి జిల్లా నుంచి వచ్చింది. భర్త పోయాక మధ్యాహ్నాలు గడవక, అరుగు మీద కూర్చుని నవలలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఫోన్లు పక్కన పడేసి వచ్చి వినేవారు. యారాడ నుంచి చేపలమ్మడానికి వచ్చే నూకాలు కూడా తట్ట ఖాళీ కాగానే వచ్చి గోడకు చేరగిలబడేది. నూకాలు మొగుడు కొన్నేళ్ల కిందట సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు.

ఆ వారం గూఢచారి నవల. హీరో శత్రువుల ఓడ కిందకు ఈదుకుంటూ వెళ్లాడు. చీకటి నీళ్లలో ఓడ అడుగును తడుముకుంటూ పోతుంటే అరుగు మీదున్న వాళ్లంతా ఊపిరి బిగబట్టారు. గూడ్సు బండి ఇల్లదిరేలా వెళ్లినా ఒక్కరూ తల తిప్పలేదు.

"రాసినోడు మామూలోడు కాడు" అంది పక్కింటి దేముడమ్మ.

హీరో పైకి తేలాడు. అంతలో శత్రువులు రేవు కాపలావాడిని పొడిచి నీళ్లలోకి తోసేశారు. ఆ సంగతికి ఒక్కటే వాక్యం. కథ ముందుకు పరుగెత్తింది.

"ఆగమ్మా" అంది నూకాలు. "ఆ కాపలావోడి ఇంటికి ఎవులు సెప్పినారు?"

సూర్యకాంతమ్మ చివరిదాకా పేజీలు తిరగేసింది. "ఎవరూ చెప్పలేదే. వాడికి పేరైనా పెట్టలేదు."

"ఇంత బాగా రాసినోడు అదెలా మర్సిపోనాడు?"

సూర్యకాంతమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని తనే చెప్పసాగింది. "హీరో తడిబట్టలతోనే వాళ్లింటికి వెళ్లాడనుకుందాం. తలుపు కొట్టాడు. భార్య విని గుండెలు బాదుకుంటూ..."

"ఏడవదమ్మా" అంది నూకాలు నెమ్మదిగా. "ముందు నమ్మదు. 'అన్నం తిన్నాడా ఆడు?' అని అడుగుతాది. సెప్పినోడు తల దించుకుంటే, 'కూకో బాబూ, తడిసిపోనావు' అని తువ్వాలు తెచ్చిత్తాది. ఇచ్చినాక సూసుకుంటాది, ఆ తువ్వాలు ఆడిదని. అప్పుడింక కాళ్లు నిలబడవు."

ఇన్నేళ్లుగా పక్కన కూర్చుంటున్న మనిషి తన మొగుడి కబురు వచ్చిన రోజు గురించి ఏనాడూ నోరు విప్పలేదు. సూర్యకాంతమ్మ ఒళ్లో పుస్తకం మూయబోయింది.

నూకాలు కొంగుతో ముఖం తుడుచుకుంది. "సదువమ్మా. ఆ దొంగనాయాళ్లు దొరకాల."

సాయంత్రానికి దొరికారు. ఆఖర్లో వాళ్లను వెంటాడి పట్టుకోవడం బాగుందనే అన్నారందరూ. కానీ ఆ రోజు రాలేకపోయిన వాళ్లకు దేముడమ్మ కథ చెప్పినప్పుడల్లా ఓడ కింద ఈత తర్వాత తువ్వాలు సంగతే చెప్పేది. అది పుస్తకంలో లేదని ఆమె ఎవరితోనూ అనలేదు.