లాయ్ తాత సొంత క్రిమి

లాయ్ తాత ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోడు. తైవాన్‌లోని కీలుంగ్ రేవు వీధిలో పిల్లాజెల్లా అందరికీ తెలిసిన సంగతే. వానలో గొడుగిస్తే వద్దని తడుస్తూ పోయేవాడు. కీలుంగ్‌లో వాన లేని రోజు అరుదు కనుక మనిషి ఎప్పుడు చూసినా పిండని బట్టలా ఉండేవాడు. పొద్దున్నే గుమ్మంలో కాపలా నిలబడి, ఇరుగుపొరుగు తెచ్చిన జామకాయల్నీ, ఆకుల్లో ఉడికించిన అన్నం పొట్లాల్నీ వచ్చిన దారినే పంపేయడం ఆయన నిత్యపూజ. ఇప్పుడు ఆ వేళకి భోజనాల బల్ల దగ్గర బుద్ధిగా కూర్చుంటున్నాడు. ఎదురుగా నర్సు కాంగ్. ఆమె చూస్తుండగా మాత్రలు మింగాలి. తాతకి టీబీ వచ్చింది.

మొదటిరోజు దానికీ పేచీయే.

“సర్కారు మాత్రలు నాకు ఊరికే ఎందుకు?”

“ఊరికే ఏం కాదు తాతా. మీరు మాకు పరీక్షకి కళ్లె ఇచ్చారుగా!”

చెల్లుకి చెల్లు అనుకున్నాడు కాబోలు, గుటుక్కున మింగాడు. ఆయన భార్య శ్యూలాన్ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది.

“ఈ ఊళ్లో మా రోగుల్లో ఎక్కువమంది డెబ్బై దాటిన మగవాళ్లే,” అంది కాంగ్. “వయసులో పట్టిన క్రిమి లోపలే నిద్రపోయి, ఒంట్లో సత్తువ తగ్గాక లేస్తుంది. మీదీ అలాంటిదే కావచ్చు.”

తాత మొహం వెలిగిపోయింది. ఇక కిటికీలోంచి వీధంతటికీ ఒకటే చాటింపు.

“నాది సొంత క్రిమి! రేవులో క్రేను నడిపిన రోజుల్నుంచి దాచుకున్నది. ఒకడి దగ్గర తెచ్చుకున్నది కాదు!”

“పట్టా కూడా ఉందా, ముసలి కోతీ?” అనేది శ్యూలాన్.

“ఈ మధ్య ఎవరితోనైనా కూర్చున్నారా తాతా?” అని కాంగ్ అడిగింది.

“ఎవరితోనూ లేదు. సాయంత్రాలు గాలం వేసుకుంటాను.”

“ఒక్క చేపా ఇంటికి రాలేదమ్మా,” అంది శ్యూలాన్. “నేను కాచిన సూపు మాత్రం డబ్బాతో సహా పోయేది.”

“చేపలు సముద్రానివి. నేనెందుకు పుచ్చుకుంటాను?”

కొన్ని వారాలకు కాంగ్ గొంతు సవరించుకుంటూ వచ్చింది.

“మీ క్రిమి జన్యు పరీక్ష ఫలితం వచ్చింది తాతా.”

“ఏ వంశమట?”

“మీ వంశం మాత్రం కాదు. ఇంకొకరి కళ్లెలో దొరికినదీ మీదీ ఒకే అచ్చు. ఈమధ్యే ఒకరి నుంచి ఒకరికి పాకి ఉండాలి. ఆయనకే ముందు దగ్గు మొదలైంది. మూసిన గదిలో ఇద్దరూ చాలాకాలం కలిసి కూర్చున్నారేమో.”

శ్యూలాన్ చేతిలో గరిటె ఆగిపోయింది. “మూసిన గదా? ఎవరితో?”

“మగాయనే అమ్మమ్మా, కంగారుపడకండి.”

“పరీక్ష తప్పు!” అన్నాడు తాత. తన సొంత ఆస్తి జప్తు అయినట్టుంది ఆయన వాలకం.

“పేరు నేను చెప్పకూడదు. ఆయనా మీలాగే ఎవరితోనూ కూర్చోలేదంటాడు. తనకెవరూ లేరట. ఇప్పుడాయన వల్ల ఎవరికీ అంటదు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపొచ్చు. కానీ చూసే మనిషి లేకపోతే మందులు మధ్యలో మానేస్తాడని పెద్ద డాక్టరు భయం. ఎల్లుండి తైవాన్ ఆ చివర వృద్ధాశ్రమానికి పంపేస్తారట.”

“అంత దూరమా? వాడికి అక్కడి ఎండ పడదు!”

“ఎవడికి?” అంది శ్యూలాన్.

తాత గొంతు తగ్గించాడు. “టెంగ్‌కి.”

కొండ మెట్ల చివర గదిలో ఉండే ముసలి నావికుడు టెంగ్. అతనికి దగ్గు పట్టుకున్నాక జనం ఆ మెట్లెక్కడమే మానేశారు.

“జాలిపడి ఏదిచ్చినా మొహాన కొడతాడు,” అన్నాడు తాత. “ఆ బాధ నాకు తెలీదూ? అందుకే చదరంగం పందెం వేశాను. నేనోడితే సూపు వాడిది. రోజూ ఓడాను. వాడి జబ్బు సంగతి బయటపడితే ఆ ఇంటి యజమాని గది ఖాళీ చేయిస్తాడని నోరెత్తలేదు.”

“ఆ గదికి ఇంకెవరైనా వచ్చేవారా?” అని కాంగ్ అడిగింది.

“ఇంకొకడొస్తే సూపెక్కడ చాలుతుంది?”

శ్యూలాన్ గరిటె కింద పెట్టింది. ఆమెకి ముందే చేసిన టీబీ పరీక్షలో ఏమీ లేదనే తేలింది.

“మన కింద గది ఖాళీగా ఉంది. తీసుకురా ఆయన్ని.”

“వాడు పుచ్చుకోడే! నాకన్నా మొండి.”

“పందెం వెయ్యి మరి.”

అలా టెంగ్ వచ్చాడు. తాత ఓడితే కింద గది టెంగ్‌ది, టెంగ్ ఓడితే అతని దారి అతనిది. పొద్దున కాంగ్ ముందు ఇద్దరూ మాత్రలు మింగారు. వెంటనే బల్ల మీద ఆట మొదలైంది. తాత తన రాజుని శత్రువు నోటికి అందించాడు. టెంగ్ చూడనట్టు నటించి తన రథాన్ని బలిచ్చాడు. గది పుచ్చుకోవలసి వస్తుందని గెలవడానికి అతనికి భయం. మధ్యాహ్నమైనా ఎవరూ ఓడలేకపోయారు.

“అన్నం వేళైంది, బల్ల ఖాళీ చేయనా, అక్కా?” అని మొహమాటంగా లేవబోయాడు టెంగ్.

“కూర్చో తమ్ముడూ. ఆట కాలేదుగా.”

శ్యూలాన్ బల్ల తుడిచే గుడ్డని మళ్లీ మేకుకి తగిలించి, అన్నం గిన్నెలు ఇద్దరి ఒళ్లోనూ పెట్టింది.