మెట్లెక్కిన పియానో

సామాను మోసే ఆ కంపెనీలో మేస్త్రీ గుర్తు మెడలో వేలాడే ఇత్తడి ఈల. ఆ ఈలను మొదటిసారి వేసుకున్న ఆడమనిషి మా మేనత్త. యజమాని మనసు మాత్రం తన బావమరిది మీదే ఉంది.

"సంగీతం బడికి పియానో ఎక్కించాలమ్మా, మూడో అంతస్తుకి. పొద్దుగూకేలోపు ఎక్కకపోతే ఈల మావాడికి ఇచ్చెయ్యి," అన్నాడు.

ఆ పియానో బరువు చెబితే నమ్మరు. దాన్ని లారీలోంచి దించగానే వీధి ఒక పక్కకి ఒరిగి, ఎదురింటి గోడ మీది పిల్లి జారి మా లారీ పక్కన పడింది.

మెట్ల మీద చెక్కలు పరిచి, పియానోను చక్రాల బల్లకి కట్టి, పైనుంచి ఒకే లావుపాటి మోకు పట్టుకుని అందరూ లాగడం అక్కడి పద్ధతి. నలుగురు లాగితే రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. అత్త ఇంకో నలుగురిని పిలిపించింది. కేకలు రెట్టింపయ్యాయి, పియానో జానెడు కూడా కదల్లేదు. చక్రాల కింద దిమ్మలు పెట్టి అందరూ కూలబడ్డారు.

"ఒరేయ్ మైకూ, లాగుతున్నావా, ఉపన్యాసమిస్తున్నావా?" అంది అత్త, అందరికన్నా గట్టిగా అరిచేవాడితో.

"ఒట్టక్కా, ప్రాణం పెట్టి లాగుతున్నా. ఆ వెనకాలవాళ్లే..."

"మేం లాగబట్టే నువ్వింకా నిలబడున్నావు," అన్నాడు వెనకాలవాడు.

అబద్ధం ఎవరూ ఆడలేదు. నలుగురితో కలిసి లాగేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే కొంత బలం మిగుల్చుకుంటాడనీ, గుంపు పెరిగేకొద్దీ ఆ మిగులు పెరుగుతుందనీ సామాజిక మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. పూర్వం ఒక ఇంజనీరు మనుషుల చేత తాళ్లు లాగించి మరీ కొలిచాడు. అత్తకి ఆయన సంగతి తెలియదు.

ఇంతలో పైగదిలోంచి పాటల టీచరు గొంతు వినిపించింది. "కలిసి పాడమంటే సగంమంది పెదాలే ఆడిస్తున్నారు. ఇక ఒక్కొక్కరే పాడండి."

మరుక్షణం ఒక్క పిల్ల గొంతు మెట్లన్నీ నింపేసింది. అత్త లేచి నిలబడింది.

మోకు విప్పించింది. బల్లకి విడివిడిగా తాళ్లు కట్టించి, మనిషికొకటి ఇచ్చింది. "అరుపులొద్దు. ఎవరి తాడు వేలాడినా అందరికీ కనిపిస్తుంది. నేను తిట్టక్కర్లేదు," అంది.

సరిగ్గా అప్పుడే యజమాని బావమరిది కొత్త బూట్లు టకటకలాడిస్తూ వచ్చి చెయ్యి చాపాడు. "ఈల ఇస్తావా అక్కా?"

"ఎందుకివ్వను బాబూ. ఇదిగో, ఒక తాడు ఎక్కువైంది. కాస్త పట్టుకో."

ఈల మోగింది. తాళ్లన్నీ తీగల్లా బిగిశాయి. మైకు నోట మాట లేదు, మెడ నరాలు మాత్రం పొంగాయి. ఒక్క తాడే వేలాడింది. కళ్లన్నీ అటు తిరిగాయి. బావమరిది బూట్లు విప్పి, కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. పియానో పాలగిన్నె కనిపించిన పిల్లిలా మెట్లెక్కింది. కింద ఉన్న అసలు పిల్లి చూసి సిగ్గుపడింది కూడా.

పియానో గదిలోకి చేరేసరికి కిటికీలో ఎండ ఇంకా ఉంది. టీచరు కూర్చుని వాయిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. యజమాని రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఈల తీసుకోలేదేరా?" అన్నాడు బావమరిదితో.

అతను ఎర్రబడ్డ అరచేతులు ఊదుకుంటున్నాడు. "ఈల అక్క దగ్గరే ఉండనీ బావా. నా తాడు చూశావా? చివర్లో అందరికన్నా నాదే బిగుతు."