గోల్‌కు కొట్టిన చప్పట్లు

మా సడ్డకుడు పోయిండు. నా ఇంటిదాని చెల్లెలి మొగడు. పొద్దుగాల నేను మొహం కడుక్కుంటుంటే వికారాబాద్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "బావా, మీ తమ్ముడు లేస్తలేడు" అన్నది. లేస్తలేడంటే ఏందో నాకు సమజైంది, ఆమెకింక కాలేదు. తాండూరు స్టేషన్ల ముందుగాల వచ్చిన రైలెక్కినం. నా భార్య కొంగు నోట్ల కుక్కుకుని దారంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కోపం మరునాడు వచ్చింది. వచ్చింది ఇప్పటిదాంక పోలేదు.

మరునాడు మట్టి పెట్టుకున్నం. ఆ పొద్దు తెల్లారంగనే చూస్తే వాళ్ల గల్లీ మూల మీద ఫ్లెక్సీ లేసింది. ‘ఆట కోసం పుట్టిన మనిషి’ అని పెద్ద అక్షరాలు. తాండూరు గ్రౌండ్ కమిటీ వాళ్లు కట్టిచ్చిండ్రు. పోయినాయన ఫోటో చిన్నది, చేతులు జోడించిన కమిటీ సెక్రటరీ ఫోటో పెద్దది. ఈ సెక్రటరీనే మా సడ్డకున్ని దేశద్రోహి అన్నది. అందరి ముందట, ఇదే నోటితోని.

ఆ మాట ఎందుకన్నడో, మా సడ్డకుడు ఎసొంటి మనిషో, చదివేటోళ్లకు చెప్పాలె. నేను బండ కొట్టి బతికినోన్ని, సొగసుగ రాయరాదు. ఉన్నదున్నట్టు రాస్త.

ఆయన రైల్వేల గ్యాంగ్‌మన్. ఎండల, వానల పట్టాలెంబడి నడుసుడే పని. వయసుల ఉన్నప్పుడు రైల్వే టీముల ఫుట్‌బాల్ ఆడిండు. రిటైరైనంక తాండూరు కమిటీ వాళ్లు రమ్మంటే ఆదివారం ఆదివారం రైలెక్కి వచ్చి రెఫరీ చేసేది. నల్ల నిక్కరు, మెడల సీటీ, జేబుల ఇస్త్రీ చేసిన రుమాలు. ఆట అయ్యేదాంక కూసునేటోడు గాదు, నీళ్లు తాగేటోడు గాదు. ఆటైనంక మా ఇంటికొచ్చి చాయ్ సాసర్ల పోసుకుని ఊదుకుంట తాగేది. "సీటీ ఊదిన నోరు గద వదినా, ఊదకుంటే చాయ్ గూడ దిగదు" అని నా భార్యను నవ్విచ్చేది.

మా తాండూరు గ్రౌండ్ సంగతి తెల్వనోళ్లకు చెప్త. అది ఒకప్పుడు పాలిషింగ్ యూనిట్లోళ్లు నాపరాళ్ల ముక్కలు తెచ్చి పారబోసిన జాగ. మీద మన్ను పోసి గ్రౌండ్ చేసిండ్రు గని, వాన పడ్డప్పుడల్ల బండ పెచ్చులు మీదికి తేలుతయి. కత్తుల లెక్క ఉంటయి. పడ్డోని మోకాలు చీరుకపోతది. అందుకని మా సడ్డకుడు ఒక పద్ధతి పెట్టిండు. సీటీ ఊదేముందు రెండు టీములు వంగి పెచ్చులు ఏరాలె. అదీ సొంత వైపు గాదు, ఎదుటోళ్ల వైపు ఏరాలె. ఏరకుంటే ఆట లేదు.

మొదట్ల మస్తు లొల్లి చేసిండ్రు. "సగం ఆటైనంక ఎట్లాగు పక్కలు మారుతం గద సార్, ఎవని వైపు ఎవడు ఏరితే ఏంది?" అని అడిగిండొకడు.

"అందుకే ఏరమంటున్న. ముందుగాల వాడు పడే జాగ నువ్వు ఏరు. నువ్వెంత మంచిగ ఏరినవో, పక్క మారినంక నీ మోకాలే చెప్తది" అన్నడు.

కర్ణాటక పక్కనున్న బషీరాబాద్ టీమోళ్లు కన్నడంల తిట్టుకుంట ఏరేది. ఈయన కన్నడంలనే జవాబిచ్చేది. వాళ్లు నవ్వి ఇంక కొన్ని ఏరేది. రైల్వేల పనిచేసినోనికి రాని బాస ఉంటదా?

ఇగ మా ఇద్దరి కొట్లాట. ఆయన బ్రెజిల్. ఆయన బ్రెజిల్ అన్నడు కాబట్టి నేను అర్జెంటీనా. ఇంక వేరే కారణం లేదు. మా బిడ్డ నిశ్చితార్థం నాడు గూడ వియ్యంకులు చూస్తుంటనే మొదలువెట్టినం.

"మీ అర్జెంటీనోళ్లు గాలొచ్చినా పడ్తరన్నా. తాకేదాంక గూడ ఆగరు."

"మీ బ్రెజిలోళ్లు ఆడుతరా, ఎగురుతరా? బరాత్‌ల పెట్టుకోరాదు తమ్మీ వాళ్లను, బ్యాండ్ ఖర్చు తప్పుతది."

నా భార్య గంటె పట్టుకుని వచ్చింది. "ఆ దేశాలు ఎటు దిక్కున్నయో ఇద్దరికీ తెల్వదు. మటన్ చల్లారుతున్నది, నోళ్లు తిండికి తెరవుండ్రి."

"ఎటున్నయో మనకెందుకొదినా? పోయేదున్నదా, పొలం కొనేదున్నదా?" అన్నడు. వియ్యంకులు గూడ నవ్విండ్రు.

అర్జెంటీనా కప్పు గెలిచిన తెల్లారి ఇంట్ల నేను ఎగురుతుంటే, మొదటి రైలుకు వికారాబాద్ నుంచి మిఠాయి డబ్బా పట్టుకుని దిగిండు. మొహం మాత్రం ముడుసుకున్నడు. "తిను. నీకోసం తేలేదు. వాళ్లు మంచిగ ఆడిండ్రు, వాళ్లకోసం తెచ్చిన" అన్నడు. గట్ల ఉండె మా సడ్డకుడు. మంచిగ ఆడినోడు ఎవడైనా సరే, ఆయన చేతులు ఆగకపోయేది.

ఆ చేతులే ఆయన కొంప ముంచినయి.

ఒక ఆదివారం ఆటైనంక అందరం స్టేషన్ రోడ్డు హోటల్ల చాయ్ తాగుతున్నం. టీవీల మన దేశానికీ పక్క దేశానికీ ఫుట్‌బాల్ వస్తున్నది. ఏ పక్క దేశమని అడగకుండ్రి, ఏదైతేంది. వాళ్ల పోరడొకడు మధ్య గీత కాడ బంతి అందుకుని, మనోళ్లను ఒక్కొక్కన్ని దాటుకుంట పోయి, ఎడమ కాలుతోని గోల్ మూలకు కొట్టిండు. చూసినోళ్లందరి నోట్లకెళ్లి "అబ్బ" అని వచ్చింది. వెంటనే మింగిండ్రు. మా సడ్డకుడు మింగలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టిండు.

టీవీ ఇడిసి అందరు ఆయన దిక్కు తిరిగిండ్రు.

"ఏం సార్, ఎవరి దిక్కున్నవు?" అన్నడు సెక్రటరీ.

"మన దిక్కే. కానీ ఆ గోల్ చూసినవా నువ్వు?"

"మన మీద గోలైతే సంబురపడ్తవా? నువ్వు దేశద్రోహివి."

"గోల్‌కు కొట్టిన చప్పట్లవి, సెక్రటరీ సాబ్. జెండాకు గాదు."

"అయితే అక్కడికే పోయి ఊదుకో నీ సీటీ."

ఎవడో కిసుక్కున నవ్విండు. నేను కుర్చీ తన్ని లేచిన. "ఏయ్, ఇంకోసారి అను ఆ మాట" అన్న. మా సడ్డకుడు నా అంగీ పట్టి కిందికి గుంజిండు. "కూసో అన్నా, చాయ్ చల్లారుతది" అన్నడు. సాసర్ ఎత్తిండు. ఊదకుంటనే తాగిండు. ఆయన ఊదకుంట చాయ్ తాగుడు నేను ఆ పొద్దే చూసిన.

వచ్చే ఆదివారం రమ్మని ఫోన్ రాలేదు. ఆ తర్వాత గూడ రాలేదు. ఎవడో హోటల్ల ఫోన్‌తోని తీసిన వీడియో ఊరూరు తిరిగింది. వికారాబాద్‌ల మా మరదలు నల్లా కాడికి పోతే "మీ ఆయన వాళ్ల మనిషంట గద" అన్నరంట. చర్చిల ఆమె పక్కన కూసునేటోళ్లు జరిగి కూసున్నరంట. ఆమె ఇంట్లకెళ్లి బయటికి వచ్చుడు తగ్గిచ్చింది. ఈయన సీటీ తీసి తలుపు పక్క మేకుకు తగిలిచ్చిండు. నేను పోయినప్పుడల్ల ఒకటే అడిగేది. "పెచ్చులు ఏరుతున్నరా అన్నా?" నేను గ్రౌండ్ మొహమే చూస్తలేనని చెప్తే, "నీ కోపం ఆట మీదికి తేకు" అని నన్నే తిట్టేది.

నాకొకటి చెప్పుండ్రి. తాండూరుల సగం మంది ఏవేవో దేశాల అంగీలు తొడుక్కుని తిరుగుతరు. సెక్రటరీ గూడ తిరుగుతడు, నా లెక్కనే అర్జెంటీనా అంగీ, పొట్ట మీద టైట్‌గ. పేరు నోరు తిరగని దేశం గెలిస్తే పటాకులు కాలుస్తరు. అది ద్రోహం గాదు. పక్కింటోడు మంచిగ ఆడిండని చప్పట్లు కొడితే ద్రోహమా? దేశం దేశం అంటరు గద, నడివానల పట్టాలెంబడి నడిసి ఈయన కాపాడిన రైళ్లల్ల కూసుని పోయింది ఎవరు? వాళ్లు దేశం గాదా? ఆ సెక్రటరీ దేశానికి ఏం చేసిండు, ఫ్లెక్సీ కట్టుడు తప్ప?

మట్టి కాడికి దండ పట్టుకుని వచ్చిండు. పాస్టరుగారి ప్రార్థన అయినంక, అందరం పిడికెడు మన్ను వేసినంక, మా మరదలి కాడికొచ్చి "సార్ పేరు మీద టోర్నమెంట్ పెడ్తమమ్మా" అన్నడు.

మా మరదలు తక్కువ మాట్లాడే మనిషి. అప్పుడు మాట్లాడింది. "టోర్నమెంట్ నాకెందుకు? ఆయనను అన్న మాట వెనక్కి తీసుకో. అంతే."

"అదంతా ఇప్పుడెందుకమ్మా..."

"ఆ మాట పెట్టింది నువ్వు. తీసేటోడివీ నువ్వే. అది తియ్యకుంటే నేను నల్లా కాడికి ఎట్ల పోవాలె?"

చుట్టు జనం చూస్తున్నరు. "సరే, మైకుల అందరి ముందట చెప్త" అన్నడు. ఆ మాట కోసమే మేం టోర్నమెంట్‌కు ఒప్పుకున్నం. లేకుంటే ఆ ఫ్లెక్సీ నేనే చింపేటోన్ని.

టోర్నమెంట్ నాడు మొదటి ఆట తాండూరుకు, వికారాబాద్‌కు. మా మరదలు వికారాబాదోళ్లతోని కలిసి వచ్చి వాళ్ల నడుమనే కూసున్నది. సెక్రటరీ మైకు పట్టిండు. సార్ మహానుభావుడన్నడు, సార్ తనకు తండ్రి లెక్క అన్నడు. మా మరదలు రెప్ప కొట్టకుంట చూస్తున్నది. ఆఖరుకు "సార్‌ను కొందరు అపార్థం చేసుకున్నరు" అన్నడు.

"కొందరెవరు? పేరు చెప్పు!" అని నేను ఒర్లిన. సెక్రటరీ వినపడనట్టు మైకు పక్కోని చేతిల పెట్టి కూసున్నడు.

టాస్ అయి, టీములు ఎవరి వైపు వాళ్లు నిలబడ్డయి. కొత్త రెఫరీ సీటీ ఊదనీకె పోతుండు. ఎవ్వడు వంగలేదు. అప్పుడు మా మరదలు లేచింది. చెప్పులు గీత అవతల ఇడిసి, నడుసుకుంట తాండూరు వైపు పోయింది. వంగి పెచ్చులు ఏరుడు మొదలువెట్టింది.

"అమ్మా, ట్రాక్టర్ పెట్టి సాఫ్ చేయించినం" అని సెక్రటరీ కుర్చీలకెళ్లి కేకేసిండు.

ఆమె ఒక పెచ్చు ఎత్తి చూపిచ్చింది. అరచెయ్యంత ఉన్నది. కొంగుల వేసుకున్నది. నేను పోయి వికారాబాద్ వైపు కూలబడ్డ. మోకాళ్లు వంగయి, కూసుని జరుక్కుంట ఏరిన. ఏరుకుంట తిట్టిన, తిట్టుకుంట ఏరిన. జరసేపటికి తాండూరు గోల్‌కీపర్ నా పక్కకొచ్చి వంగిండు. అటు వికారాబాదోళ్లు మా మరదలి వెనక నడిసిండ్రు. ఎవ్వరు చెప్పలేదు. రెండు టీములు ఎదుటి వైపు వంగే ఉన్నరు. మధ్య గీత కాడ, గ్రౌండ్ అవతల, ఇద్దరి వైపు పెచ్చులు కలిసి కుప్పైనయి.

ఆట మొదలైంది. సగం దాటకముందే మా తాండూరు పోరడు గోల్ కొట్టిండు. మంచి గోల్. మైదానమంతా లేచింది. సెక్రటరీ కుర్చీల నుంచి ఎగిరి చప్పట్లు కొడుతుండు. వికారాబాదోళ్లు మాత్రం తలకాయలు కిందికేసిండ్రు. ఆ నడుమల మా మరదలు లేచి నిలబడ్డది. తన ఊరి మీదైన గోల్‌కు చప్పట్లు కొట్టింది. మెల్లగ గాదు, గట్టిగ. కొట్టుకుంట సెక్రటరీనే చూసింది.

ఆయన చూసిండు. ఆయన చేతులు రెండు ఒకదానికొకటి అందకుంట గాలిల ఆగిపోయినయి. పక్కనోళ్ల చప్పట్లు గూడ ఒక్కటొక్కటి తగ్గినయి. అన్న మాట సెక్రటరీ ఇది రాసేదాంక గూడ వెనక్కి తీసుకోలేదు. ఆమె అడిగింది ఆమెకింక బాకీనే ఉన్నది. తాండూరోళ్లు, వికారాబాదోళ్లు, చదివినోళ్లందరు ఆయనను అడుగుండ్రి.

ఆమె ఆపలేదు. బంతి మధ్యలకు తెచ్చి పెట్టిండ్రు. కొత్త రెఫరీ సీటీ నోట్ల పెట్టుకుని ఊదుడు మరిచి అటే చూస్తుండు. ఆమె చప్పట్లు కొట్టినప్పుడల్ల, చేతులకంటిన బండ పొడి తెల్లగ లేచి, గాలికి మా తాండూరు వైపే వస్తున్నది.