మైన ఆపరేషన్ రోజు నేనన్న మాట

దయ్యాలను, ఆత్మలను నేనెన్నడూ నమ్మలేదు. బోధన్‌లో చక్కెర కార్ఖానాకు వచ్చే చెరుకు బండ్లను తూచే కాంటా దగ్గర పనిచేసేవాణ్ణి. కంటికి కనబడిందే రాసే అలవాటు. అరవయ్యో దశకం చివర జరిగిన ఈ సంగతి కూడా అలాగే చెబుతాను.

అప్పటికి నా భార్య సుశీల పోయి మూడు నెలలు. మాకు పిల్లలు లేరు. ఆమె పెంచిన కుక్క మైనకు పొదుగు దగ్గర నిమ్మకాయంత గడ్డ లేచింది. నెల తిరిగేసరికి బత్తాయంత అయింది. ఆమె వదిలిపోయిన వాటిలో ప్రాణమున్నది అదొక్కటే. దాన్ని కూడా పోగొట్టుకోవడం నా వల్ల కాదనిపించింది.

నిజామాబాద్ పశువుల ఆసుపత్రిలో డాక్టరు చూసి, కోసి తీయాలన్నాడు. ఎద్దులకు, బర్రెలకు చేసినంతగా కుక్కలకు చేయలేదని దాచకుండా చెప్పాడు. ముందు రాత్రి నుంచి మెతుకు పెట్టవద్దన్నాడు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతి అవుతుందట, అది ఊపిరితిత్తుల్లోకి పోతే బల్ల మీదే ప్రాణం పోతుందట. కోత అయ్యాక లేచి తన కాళ్ల మీద నిలబడేదాకా నీళ్లు తాగించకూడదు. కుట్లు నాకకుండా పది రోజులు కాపలా ఉండాలి. అన్నీ కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చి మా అవ్వకు, అంటే అమ్మకు, రెండుసార్లు చదివి వినిపించాను.

ఆపరేషన్ రోజు పొద్దున, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా లారీ దగ్గరికి వెళ్లాను. నిజామాబాద్ పోయే చక్కెర బస్తాల లారీ అది. మా బావమరిది నర్సయ్య మైనను మా వాకిట్లోంచి ఎత్తుకొచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. దారంతా అది నా ఒళ్లో వణుకుతూనే ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి మూతికి పట్టీ కట్టారు. మత్తుమందు సూదిలోకి ఎక్కిస్తూ డాక్టరు, పొద్దున ఏమైనా పెట్టారా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. అలా అన్నట్టు నాకు స్పష్టంగా గుర్తు.

డాక్టరు సూది పక్కన పెట్టేశాడు. "అంత చెప్పినంక ఎందుకు పెట్టిండ్రయ్యా? నా చేతుల చంపిస్తరా దీన్ని?"

పెట్టలేదనే కదా చెప్పాను అని నేనంటే, నర్సయ్య నన్ను వింతగా చూశాడు.

"గదేంది బావా? సగం జొన్నరొట్టె పాలల్ల నానేసి పెట్టిన, మాడిన అంచు తీసేసిన అని ఇప్పుడే అంటివి గదా!"

"నీకు చెవులు పని చేస్తలేవారా?"

"నా చెవులు పోయినయే అనుకో. సార్ చెవులు గూడ పోయినయా?"

కంపౌండరు కూడా అదే విన్నానన్నాడు. గొంతు నాదేనట. తొందర లేకుండా చెప్పానట.

ఎల్లుండి రమ్మన్నారు. ఇంటికి రాగానే, పొద్దున మైనకు రొట్టె పెట్టావా అని అవ్వను అడిగాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు? ఒక్కరు సూడలే."

తర్వాత ఏడ్చింది. "ఇయ్యాల కోడలి నెల మాసికం బిడ్డా. దాని పేరు మీద చేసిన రొట్టె పెట్టకుంట, దాని కుక్కను ఉపాసం కోతకెట్ల తోలాలె?"

ఆ రోజు తిథి అని నాకు గుర్తే లేదు. మాడిన అంచు సంగతి అడిగాను. సుశీల అలాగే తీసి పెట్టేదని, అందుకే తీశానని చెప్పింది. నర్సయ్య వచ్చేసరికి గిన్నె కూడా కడిగేసిందట.

మైన మూతికి పాల వాసన ఉండి ఉండవచ్చు. అవ్వ ఊరుకోదని నా మనసుకు తెలిసే ఉండవచ్చు. కానీ రొట్టె సగమని, అంచు మాడిందని నాకెలా తెలుస్తుంది?

రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. ముందు రాత్రంతా నేనే మైన పక్కన కూర్చున్నాను. డాక్టరు మళ్లీ అదే అడిగాడు. లేదు సార్ అన్నాను. వెంటనే నర్సయ్య వైపు తిరిగాను.

"నేనేమన్నరా?"

"లేదనే అన్నవ్ బావా."

ఆ రోజు గడ్డ కోసి తీశారు. మైన ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది.

ఆ మొదటి రోజు నా నోట వచ్చిన మాట ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అది వాళ్లక్క సుశీల మాటేనని నర్సయ్య అంటాడు. నేను కాదంటాను. కాదనే అన్నాననుకుంటాను.